ఎలిజబెత్‌కింగియా జీనోమ్‌లో యాంటీబయాటిక్ నిరోధకతను ఎలా వెతకాలి? దొరికినదాన్ని ఎలా సరిచూసుకోవాలి?

"సీక్వెన్సింగ్ అయిపోయింది, ఫైళ్లు చేతికొచ్చాయి. ఇప్పుడు రెసిస్టెన్స్ జీన్లు ఎలా వెతకాలి?" మైక్రోబయాలజీ విద్యార్థులు, ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. టూల్ ఎలా రన్ చేయాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. అది ఇచ్చిన పట్టికను ఎలా చదవాలో చెప్పేవాళ్లు తక్కువ. తప్పులన్నీ జరిగేది అక్కడే. పట్టికలో వచ్చిన ప్రతి జన్యువు గురించీ మీరు ఒకటి తేల్చుకోవాలి: ఇది ఈ బ్యాక్టీరియాకు పుట్టుకతోనే ఉన్నదా, ఉన్న జన్యువే మారిందా, బయటి నుంచి వచ్చి చేరిందా? ఇది తేలకుండా రాసిన రిపోర్టు చదివేవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది.

ఉదాహరణగా ఎలిజబెత్‌కింగియా అనాఫెలిస్‌ను తీసుకుంటున్నాను. అనాఫిలిస్ గాంబియే దోమ పేగులో దొరికిన ఈ బ్యాక్టీరియాకు 2011లో పేరు పెట్టారు. తర్వాత చూస్తే పుట్టినపిల్లల్లో మెదడు పొరల వాపుకూ (మెనింజైటిస్), రోగనిరోధక శక్తి తగ్గిన పెద్దల్లో రక్తం ఇన్ఫెక్షన్లకూ ఇది కారణమవుతోందని తెలిసింది. 2015-16లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పెద్ద ఎత్తున వ్యాపించాక అందరి దృష్టీ దీని మీద పడింది. చాలా యాంటీబయాటిక్‌లకు లొంగదు. ఆ లొంగకపోవడం పైన చెప్పిన మూడు దారుల్లోనూ వస్తుంది. అందుకే నేర్చుకోవడానికి ఇది మంచి ఉదాహరణ. మీ చేతిలో ఉన్నది వేరే బ్యాక్టీరియా అయినా వరుస ఇదే.

ముందుగా ఏమేం ఉండాలి?

- ఒకే కాలనీ నుంచి పెంచిన స్వచ్ఛమైన కల్చర్. పని బయోసేఫ్టీ లెవెల్ 2 ల్యాబ్‌లోనే జరగాలి.
- ఆ కల్చర్ నుంచే తీసిన డీఎన్‌ఏ సీక్వెన్స్ ఫైళ్లు. ఇల్యూమినా జంట రీడ్లు (యంత్రం ఒక్కో డీఎన్‌ఏ ముక్కను రెండు చివరల నుంచి చదివిన చిన్న వరుసలు) సరిపోతాయి. నానోపోర్ పొడవు రీడ్లు కూడా ఉంటే 7వ మెట్టు చాలా తేలికవుతుంది.
- అదే కల్చర్‌కు చేసిన ఎంఐసీ ఫలితాలు, అంటే బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస మందు మోతాదులు. ఇవి లేకుండా మొదలుపెట్టొద్దని నా సలహా. సరిపోల్చడానికి ఏమీ లేకపోతే మీ జన్యువుల జాబితా తప్పో ఒప్పో ఎప్పటికీ తేలదు.
- లినక్స్ ఉన్న కంప్యూటర్. ఒక్క బ్యాక్టీరియా జీనోమ్‌కు సాధారణంగా 16 జీబీ ర్యామ్ చాలు.
- ఫాస్ట్‌పీ, స్పేడ్స్, క్వాస్ట్, చెక్‌ఎం, ఫాస్ట్‌ఏఎన్‌ఐ, ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్, కార్డ్ అనే నిరోధకత జన్యువుల డేటాబేస్‌తో పనిచేసే ఆర్‌జీఐ. అన్నీ ఉచితమే.

లినక్స్ అంటే టెన్షన్ పడేవాళ్లు గెలాక్సీ వెబ్‌సైట్‌లో వీటిలో చాలావరకు మౌస్‌తోనే నడుపుకోవచ్చు. రెస్‌ఫైండర్ (ఇదీ నిరోధకత జన్యువులు వెతికే టూలే), కార్డ్‌లకు కూడా వెబ్ పేజీలున్నాయి. కానీ ఏ ఫైలైనా బయటి సర్వర్‌కు ఎక్కించే ముందు ఫైలు పేరులో రోగి పేరు, ఆస్పత్రి నంబరు లేకుండా చూసుకోండి. ల్యాబ్ కోడ్ ఒక్కటే ఉండాలి.

1. రీడ్ల నాణ్యత చూడండి

ఫాస్ట్‌పీతో అడాప్టర్లు, నాణ్యత తక్కువున్న చివరలు తీసేయండి. తర్వాత కవరేజ్ లెక్క కట్టండి. ఈ బ్యాక్టీరియా జీనోమ్ సుమారు 40 లక్షల బేస్‌లు. మీ దగ్గర 150 బేస్‌ల పొడవున్న రీడ్ల జంటలు 10 లక్షలు ఉన్నాయనుకుందాం. 20 లక్షల రీడ్లను 150తో గుణిస్తే 30 కోట్లు. దాన్ని 40 లక్షలతో భాగిస్తే 75. అంటే ప్రతి బేస్‌నూ సగటున 75 సార్లు చదివినట్టు. 50 నుంచి 100 మధ్య ఉంటే హాయిగా ముందుకెళ్లండి. 30 కంటే తక్కువైతే "ఈ జన్యువు లేదు" అనే మాట నోటి నుంచి రాకూడదు. అది నిజంగా లేదో, చదవడంలో జారిపోయిందో చెప్పలేం.

2. జీనోమ్ కూర్చండి, కొలవండి

స్పేడ్స్‌తో రీడ్లను కలిపి జీనోమ్‌ను కూర్చాక (దీన్నే అసెంబ్లీ అంటారు, అందులో తెగకుండా వచ్చిన ఒక్కో ముక్క ఒక కాంటిగ్) క్వాస్ట్, చెక్‌ఎం రెండూ నడపండి. మొత్తం పొడవు 40 లక్షలకు అటూఇటూగా ఉండాలి, జీసీ శాతం (మొత్తం బేస్‌లలో జీ, సీ అక్షరాల వాటా) 35-36 దగ్గర ఉండాలి. చెక్‌ఎంలో సంపూర్ణత 95 శాతానికి పైన, కలుషితం 5 శాతానికి లోపు వస్తే చాలు.

మొత్తం పొడవు 60, 70 లక్షలు వచ్చిందంటే మీ కల్చర్‌లో ఇంకో బ్యాక్టీరియా కలిసింది. ఇక్కడ చాలామంది "పర్లేదు, జన్యువులు వెతికేద్దాం" అని ముందుకెళ్తారు. వెళ్లకండి. దొరికిన జన్యువు ఎవరిదో చెప్పలేని పరిస్థితిలో ఆ తర్వాత చేసే పనంతా వృథా. కల్చర్‌ను ప్లేటు మీద మళ్లీ గీసి, ఒకే కాలనీ తీసుకుని మొదటి నుంచి రండి.

3. జాతి ఏదో ఖాయం చేసుకోండి

ఆస్పత్రి రిపోర్టులో "ఎలిజబెత్‌కింగియా మెనింగోసెప్టికా" అని ఉంటే వెంటనే నమ్మొద్దు. ప్రోటీన్లను బట్టి బ్యాక్టీరియా పేరు చెప్పే మాల్డీ-టాఫ్ యంత్రం డేటాబేస్‌లో అనాఫెలిస్ నమూనాలు లేనప్పుడు అది దగ్గరి పేరుగా మెనింగోసెప్టికానే చూపిస్తుంది. ఇలా తప్పు పేరుతో నమోదైన కేసులు చాలానే బయటపడ్డాయి.

రెండు జీనోమ్‌ల సగటు పోలిక శాతం చెప్పే ఫాస్ట్‌ఏఎన్‌ఐతో మీ జీనోమ్‌ను ఈ ప్రజాతిలోని ముఖ్యమైన జాతుల టైప్ స్ట్రెయిన్లతో (ఆ జాతికి ప్రామాణికంగా పెట్టుకున్న నమూనాలతో) పోల్చండి: అనాఫెలిస్ ఆర్26, మెనింగోసెప్టికా ఏటీసీసీ 13253, వీటితోపాటు మిరికోలా, బ్రూనియానా, ఉర్సింగీ, ఆకల్టా. 95 శాతానికి పైగా ఎవరితో కలిస్తే అదే మీ జాతి. జాతి గుర్తించడానికి మామూలుగా వాడే 16ఎస్ జన్యువు ఒక్కదాని మీద ఆధారపడొద్దు. ఈ జాతుల మధ్య దానిలో తేడా చాలా తక్కువ.

4. రెండు టూల్స్ నడపండి, వేర్వేరు డేటాబేస్‌లతో

ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్, ఆర్‌జీఐ రెండూ నడపండి. డేటాబేస్‌ను ముందు అప్‌డేట్ చేసి, వెర్షన్ నంబరు, తేదీ రాసిపెట్టుకోండి.

ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్‌లో జీవి పేరు ఇస్తేనే అది పాయింట్ మ్యుటేషన్లు వెతుకుతుంది. ఆ పేర్ల జాబితా తెరిచి మీ బ్యాక్టీరియా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అది మ్యుటేషన్ల జోలికే పోదు, పోలేదని ఎర్ర అక్షరాల్లో చెప్పదు కూడా. "మ్యుటేషన్లు ఏమీ లేవు" అని రాసేవాళ్లలో చాలామంది పడేది ఈ గోతిలోనే. అబ్రికేట్ అనే మరో టూల్ వాడేవాళ్లకూ ఇదే హెచ్చరిక: అది బయటి నుంచి చేరిన జన్యువుల కోసం చేసిన టూల్, మ్యుటేషన్లు దానికి కనబడవు.

ఫలితాల్లో "మెథడ్" అనే నిలువు వరుసను తప్పకుండా చదవండి. పూర్తిగా సరిపోయిందని ఉంటే సంతోషం. "పాక్షికం, కాంటిగ్ చివర" అని వస్తే జన్యువు అసెంబ్లీలో రెండు ముక్కలై ఉండొచ్చు, నిజంగా పాడై ఉండకపోవచ్చు. "మధ్యలో స్టాప్" అని వస్తే జన్యువు ఉన్నా ప్రోటీన్ తయారు కాకపోవచ్చు. ఆర్‌జీఐలో "పర్‌ఫెక్ట్", "స్ట్రిక్ట్" వరకే తీసుకోండి. "లూజ్" వరుసలన్నీ కలిపి "వందల నిరోధకత జన్యువులు దొరికాయి" అని రాయడం పెద్ద తప్పు. ప్రతి బ్యాక్టీరియాలోనూ మామూలుగా ఉండే, పదార్థాలను కణం బయటికి తోసే పంపులు, ట్రాన్స్‌పోర్టర్లు ఆ వరుసల్లో చాలా వస్తాయి.

రెండు టూల్స్ ఒకే జన్యువుకు వేర్వేరు పేర్లు పెట్టొచ్చు, హద్దులు కూడా వేరు. రెస్‌ఫైండర్ మామూలుగా 90 శాతం పోలిక అడిగితే, అబ్రికేట్ 80 శాతంతో సరిపెట్టుకుంటుంది. ఒకదానిలో ఉండి మరోదానిలో లేనిది కనిపిస్తే ముందు ఈ హద్దులు చూడండి.

5. మూడు గుంపులుగా విడదీయండి

ఇదే అసలు పని. ఒక పట్టిక తీసుకుని ప్రతి జన్యువునూ ఏదో ఒక గుంపులో వేయండి.

*పుట్టుకతో ఉన్నవి.* ఎలిజబెత్‌కింగియా క్రోమోజోమ్ మీదే రెండు మెటలో-బీటా-లాక్టమేజ్ జన్యువులు ఉంటాయి: బ్లా-బీ, బ్లా-గాబ్. ఇలా రెండు ఒకేచోట సహజంగా ఉండటం బ్యాక్టీరియాల్లో చాలా అరుదు. ఇవి జింక్ సాయంతో పనిచేసే ఎంజైములు. ఇమిపెనెమ్, మెరోపెనెమ్ లాంటి బలమైన మందులను (కార్బపెనెమ్‌లు) కూడా విరగ్గొడతాయి. బీటా-లాక్టమేజ్‌లను ఆపడానికి వాడే క్లావులనిక్ ఆమ్లం, అవిబాక్టమ్ వీటిని అడ్డుకోలేవు. వీటికి తోడు బ్లా-సీఎంఈ అనే ఈఎస్‌బీఎల్ (చాలా రకాల పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందులను విరగ్గొట్టే ఎంజైమ్) జన్యువు కూడా ఉంటుంది.

కాబట్టి మీ పట్టికలో బ్లా-బీ, బ్లా-గాబ్ కనిపిస్తే అది కొత్త విషయం కాదు. కనిపించకపోతేనే ఆలోచించాలి. క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు విడిగా ఉండి, వేరే కణానికి వెళ్లగల డీఎన్‌ఏ) మీద ఎన్‌డీఎం అనే కార్బపెనమేజ్ (కార్బపెనెమ్‌లను విరగ్గొట్టే ఎంజైమ్) జన్యువు దొరికితే వార్డంతా అప్రమత్తం కావాలి, అది మరో బ్యాక్టీరియాకు పాకుతుంది. ఇక్కడ ఉన్నది ఆ జాతిలో అందరికీ ఉండే ఆస్తి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "కార్బపెనమేజ్ జన్యువు దొరికింది" అని రాస్తే ఇన్ఫెక్షన్ కంట్రోల్ బృందం ఎక్కడో లేని ప్లాస్మిడ్ కోసం వెతుకుతూ కూర్చుంటుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. కొలిస్టిన్ మందుకు నిరోధకత ఇచ్చే ఎంసీఆర్ జన్యువు పట్టికలో లేదు కాబట్టి కొలిస్టిన్ పనిచేస్తుందని అనుకోవడం. ఈ బ్యాక్టీరియా సహజంగానే కొలిస్టిన్‌కు లొంగదు. దానికి ఎంసీఆర్ అక్కర్లేదు.

ఇంకో మాట, పేరు చివర వచ్చే నంబరు గురించి. బ్లా-బీలో చాలా రూపాలున్నాయి. అమైనో ఆమ్లాల వరుస నూటికి నూరు శాతం కలిస్తేనే ఆ నంబరు రాయండి. 99 శాతం కలిస్తే "బ్లా-బీ తరహా" అని మాత్రమే రాయండి.

*మారినవి.* జన్యువు అందరికీ ఉండేదే, అందులో ఒక అక్షరం మారి మందు పనిచేయకుండా పోతుంది. దీన్ని 6వ మెట్టులో చేత్తోనే చూడాలి.

*బయటి నుంచి వచ్చినవి.* ఈ జాతిలో కొన్ని స్ట్రెయిన్లలోనే ఉండి, మిగతావాటిలో లేనివి. ఏది ఈ గుంపో తెలియాలంటే బహిరంగంగా దొరికే పది, పదిహేను అనాఫెలిస్ జీనోమ్‌ల మీద అవే టూల్స్ నడపండి. అన్నింటిలో వచ్చింది మొదటి గుంపు. మీదాంట్లోనో ఏ ఒకటి రెండింట్లోనో వచ్చింది మూడో గుంపుకు అభ్యర్థి. ఈ పోలిక లేకుండా గుంపులు కట్టడం ఊహే అవుతుంది.

6. జైర్-ఏ జన్యువును చేత్తో చదవండి

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ పనిచేయకపోవడానికి ఈ బ్యాక్టీరియాలో ప్రధాన కారణం జైర్-ఏ జన్యువులో 83వ స్థానంలో వచ్చే మార్పు. ఆ స్థానంలో ఉండాల్సిన సెరీన్ బదులు ఐసోల్యూసిన్ లేదా ఆర్జినిన్ వస్తుంది. టూల్ చెప్పకపోయినా మీరే చూడొచ్చు.

అసెంబ్లీ నుంచి జైర్-ఏ వరుసను బయటికి తీసి ప్రోటీన్‌గా అనువదించండి. బ్యాక్టీరియాకు వాడే 11వ కోడ్ పట్టికనే ఎంచుకోండి. పక్కనే ఈ.కోలై జైర్-ఏను పెట్టి అలైన్ చేయండి. ఇప్పుడు ఈ వరుస వెతకండి: హిస్టిడిన్, ప్రోలిన్, హిస్టిడిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. ఈ.కోలై లెక్కలో ఇవి 78 నుంచి 82 వరకు. దాని వెంటనే వచ్చేదే 83. అక్కడ సెరీన్ ఉంటే మారలేదు, వేరే ఏదైనా ఉంటే మారింది.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, మీ ప్రోటీన్ మొదటి నుంచి 83 వరకు వేళ్ల మీద లెక్కపెట్టడం. జాతిని బట్టి ప్రోటీన్ మొదట్లో పొడవు మారుతుంది, లెక్క జరుగుతుంది. 83 అనేది ఈ.కోలై నంబరు, అందుకే అలైన్‌మెంట్ తప్పనిసరి. రెండోది, ఈ.కోలైకీ మీ బ్యాక్టీరియాకూ మధ్య ఉన్న ప్రతి తేడానూ మ్యుటేషన్ అనుకోవడం. అవి రెండు దూరపు బ్యాక్టీరియాలు, తేడాలు వందల్లో ఉంటాయి. మ్యుటేషన్ అని తేల్చాలంటే మందుకు లొంగే అనాఫెలిస్ స్ట్రెయిన్‌తో పోల్చండి.

మార్పు కనబడగానే ఊరుకోకండి. అసలు రీడ్లను అసెంబ్లీ మీద పరిచి ఆ స్థానాన్ని తెరపై తెరవండి. దాదాపు అన్ని రీడ్లూ ఒకే మాట చెప్పాలి. 70 రీడ్లలో 40 ఒకలా, 30 ఇంకోలా ఉంటే మీ కల్చర్‌లో రెండు రకాలు కలిసి పెరిగాయని అనుమానించాలి.

7. జన్యువు ఇరుగుపొరుగు చూడండి

మూడో గుంపులో ఏదైనా మిగిలితే అది ఎక్కడ కూర్చుందో చూడాలి. బక్టా అనే టూల్‌తో అనొటేట్ చేసి (అంటే జన్యువులకు పేర్లు పెట్టించి), ఆ జన్యువుకు అటూ ఇటూ ఏమున్నాయో చదవండి. డీఎన్‌ఏ కదలడానికి తోడ్పడే ఇంటిగ్రేజ్, రిలాక్సేజ్, టైప్-4 స్రావ వ్యవస్థ జన్యువులు దగ్గర్లో ఉంటే అది ఐసీఈ కావచ్చు, అంటే క్రోమోజోమ్‌లో ఇమిడిపోయి, వీలు చూసుకుని మరో కణానికి మారగల డీఎన్‌ఏ ముక్క. ఈ బ్యాక్టీరియాలో ఐసీఈలు తరచూ కనిపిస్తాయి కాబట్టి, ప్లాస్మిడ్ దొరకనంత మాత్రాన "కదిలే జన్యువు లేదు" అని రాసేయొద్దు.

చిన్న రీడ్లతో కూర్చిన జీనోమ్‌లో ఇలాంటి చోట్లే కాంటిగ్‌లు తెగిపోతాయి. బ్యాండేజ్ అనే ప్రోగ్రామ్‌లో అసెంబ్లీ బొమ్మ తెరిస్తే తెగిన చోటు కళ్లకు కనిపిస్తుంది. నానోపోర్ రీడ్లు ఉంటే యూనిసైక్లర్ అనే టూల్‌తో రెండు రకాల రీడ్లూ కలిపి కూర్చండి. లేకపోతే "ఈ జన్యువు క్రోమోజోమ్ మీద ఉందో లేదో ఈ డేటాతో చెప్పలేం" అని రాయండి. అలా రాయడంలో నామోషీ ఏమీ లేదు.

ఇక్కడే మ్యూట్-వై జన్యువును కూడా తప్పకుండా చూడండి. ఆక్సీకరణతో దెబ్బతిన్న గ్వానైన్ ఎదురుగా పొరపాటున చేరిన అడెనైన్‌ను తీసేసి, డీఎన్‌ఏను సరిచేసే ఎంజైమ్ దీనిది. విస్కాన్సిన్ స్ట్రెయిన్‌లో ఒక ఐసీఈ సరిగ్గా ఈ జన్యువు మధ్యలో వచ్చి కూర్చుని దాన్ని విరగ్గొట్టింది. దాంతో ఆ స్ట్రెయిన్‌లో మ్యుటేషన్ల వేగం పెరిగింది. మ్యూట్-వై పోతే ఎక్కువయ్యేవి జీ అక్షరం టీగా మారే మార్పులు. ఇప్పుడు 6వ మెట్టు గుర్తు చేసుకోండి: సెరీన్ కోడాన్ ఏజీసీ అయితే, మధ్య అక్షరం జీ నుంచి టీకి మారగానే ఏటీసీ అవుతుంది, అది ఐసోల్యూసిన్. అంటే మ్యూట్-వై విరిగిన స్ట్రెయిన్ నేడు లెవోఫ్లాక్సాసిన్‌కు లొంగుతున్నా, చికిత్స మధ్యలో లొంగకుండా పోయే అవకాశం ఎక్కువ. ఏ నిరోధకత టూల్ పట్టికలోనూ ఈ హెచ్చరిక రాదు. మీరే వెతకాలి.

ఎలా వెతకాలంటే, ఆర్26 జీనోమ్‌లోని మ్యూట్-వై వరుసతో మీ అసెంబ్లీలో బ్లాస్ట్ (వరుసల పోలిక వెతికే టూల్) చేయండి. ఒకే చోట మొదటి నుంచి చివరి దాకా కలిస్తే బాగున్నట్టే. రెండు ముక్కలుగా, దూరదూరంగా లేదా వేర్వేరు కాంటిగ్‌ల చివర దొరికితే మధ్యలో ఏదో దూరిందని అర్థం.

8. ఎంఐసీతో సరిపోల్చండి

జన్యువుల ప్రకారం ఏ మందుకు లొంగాలి, ఏ మందుకు లొంగకూడదు అని ముందే రాసిపెట్టుకుని, తర్వాతే ఎంఐసీ కాగితం తెరవండి. ముందు కాగితం చూస్తే కళ్లు దానికి సరిపోయే జన్యువులనే వెతుక్కుంటాయి.

ఎంఐసీ బ్రాత్ మైక్రోడైల్యూషన్ పద్ధతిలో (ద్రవ మాధ్యమంలో మందును మెట్టుమెట్టుగా పలచన చేసి) చేసినదై ఉండాలి. ఈ బ్యాక్టీరియా విషయంలో ప్లేటు మీద మందు బిళ్ల పెట్టి చూసే డిస్క్ ఫలితాలను నమ్మలేం. ముఖ్యంగా వాంకోమైసిన్ డిస్క్ చుట్టూ ఖాళీ వలయం కనిపించి, బ్రాత్‌లో చూస్తే ఎంఐసీ ఎక్కువగా వచ్చిన సందర్భాలున్నాయి. నాణ్యత తనిఖీకి ఈ.కోలై ఏటీసీసీ 25922, సూడోమోనాస్ ఏటీసీసీ 27853 అదే రోజు పక్కన పెట్టారో లేదో అడగండి. ఏ బ్రేక్‌పాయింట్లతో (ఎంఐసీ హద్దు అంకెలతో) లొంగుతుంది, లొంగదు అని తేల్చారో కూడా అడగండి. ఎక్కువగా వేరే బ్యాక్టీరియాల కోసం పెట్టిన అంకెలనే దీనికి అరువు తెచ్చుకుంటారు. అందుకే రిపోర్టులో లొంగుతుంది (ఎస్), లొంగదు (ఆర్) అనే అక్షరంతోపాటు ఎంఐసీ అంకె కూడా ఉండాలి.

రెండూ కలవకపోతే ఈ వరుసలో వెళ్లండి. ముందు ట్యూబ్ మీది కోడ్, ఫైలు మీది కోడ్ ఒకటేనా? తర్వాత అదే కాలనీతో ఎంఐసీ మళ్లీ చేయించండి. ఒక్క డైల్యూషన్ తేడా, అంటే 4 బదులు 8 రావడం, పరీక్షలో మామూలే. ఆ తర్వాత సంబంధిత జన్యువు మీద రీడ్లు పరిచి చూడండి. ఇవన్నీ దాటాకే మందును బయటికి తోసే పంపులు, ప్రమోటర్ (జన్యువు ఎంత పనిచేయాలో నిర్ణయించే భాగం) మార్పులు, ఇంకా తెలియని కారణాల గురించి ఆలోచించండి. జన్యువుల ప్రకారం లొంగాల్సింది ల్యాబ్‌లో లొంగకపోవడం అన్నింటికంటే ప్రమాదకరమైన తేడా. రోగికి పనిచేయని మందు వెళ్లేది అలాంటి చోటే. దాన్ని పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో దాచొద్దు.

9. మీ పద్ధతినే పరీక్షించండి

ఆర్26 లాంటి తెలిసిన అనాఫెలిస్ జీనోమ్‌ను మీ పద్ధతి మొత్తం గుండా నడపండి. బ్లా-బీ, బ్లా-గాబ్, బ్లా-సీఎంఈ మూడూ రావాలి. తర్వాత ఈ.కోలై కే-12 ఎంజీ1655ను నడపండి. దాని సొంత బ్లా-ఈసీ రావాలి, బ్లా-బీ రాకూడదు. చివరగా మీ రీడ్లలోంచే కొన్ని తీసేసి కవరేజ్‌ను 20కి తగ్గించి మళ్లీ నడపండి. ఏ జన్యువులు మాయమయ్యాయో చూస్తే మీ పద్ధతి ఎక్కడ బలహీనమో తెలుస్తుంది.

10. రిపోర్టు రాయండి

జాతి పేరు, అది ఎలా తేలిందో, కవరేజ్, టూల్స్, డేటాబేస్‌ల వెర్షన్లు, మూడు గుంపుల పట్టిక, జైర్-ఏ 83, మ్యూట్-వై స్థితి, ఎంఐసీతో కలిసినవి, కలవనివి. చికిత్సలో ఎక్కువగా ఆలోచించే మినోసైక్లిన్, లెవోఫ్లాక్సాసిన్, కోట్రైమాక్సజోల్, రిఫాంపిసిన్‌లకు ఒక్కోదానికి విడిగా ఒక వాక్యం రాయండి. "నిరోధకత జన్యువు కనబడలేదు" అని రాయొచ్చు కానీ "మందు పనిచేస్తుంది" అని జీనోమ్ చూసి రాయొద్దు. ఆ మాట ఎంఐసీ చెప్పాలి, మందు ఏదో వైద్యులు తేల్చాలి.

అసలు రీడ్ల ఫైళ్లను పారేయకండి. డేటాబేస్‌లు తరచూ మారుతుంటాయి. ఇవాళ పేరు లేని జన్యువుకు రేపు పేరు వస్తే, అవే ఫైళ్ల మీద 4వ మెట్టు నుంచి మళ్లీ నడిపి, పాత పట్టిక పక్కన కొత్త పట్టిక పెట్టి, తేడా వచ్చిన వరుసలకు కొత్త తేదీ వేయండి.